మా మిల్లులో తలకిందుల కంప్యూటర్

మీలో ఎవరైనా కంప్యూటర్ సామాను కొనే పని మీద ఉంటే నా మాట ఒకటి వినండి. బోర్డు మీద ఎన్ని రంగుల దీపాలు వెలుగుతున్నాయో చూడకండి. కార్డులు బిగించే ఏ స్లాట్ ఎవరితో కలిసి ఉంటుందో అడగండి. ఈ ప్రశ్న అడిగినందుకు రాయచూరులో ఒక దుకాణదారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా పట్టు వదల్లేదు. మంచి పనే చేశానని ఇప్పటికీ అనుకుంటాను. కాకపోతే ఎంత గుచ్చిగుచ్చి అడిగి కొన్నా, మధ్యలో దసరా పండుగ ఒకటి వస్తుందని నాకు తట్టలేదు.

నేను ఉద్యోగం చేసింది మాన్వి తాలూకాలో, మల్లట్ వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక బియ్యం మిల్లులో. రాయచూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. పేరుకు కంప్యూటర్ ఇన్‌ఛార్జిని. నిజానికి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, తూకం మిషన్ మొరాయించినా, సావుకారు ఫోనులో ఫొటోలు తెరుచుకోకపోయినా పిలుపు నాకే వచ్చేది. సావుకారు అంటే మా మిల్లు యజమాని. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపు వేసుకున్న కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఆయన మాటలో కోస్తా యాస చెక్కు చెదరలేదు. మంచి మనిషి. కోపం వచ్చినా పది నిమిషాల్లో చల్లారేది, కానీ శకునాల పట్టింపు మాత్రం జన్మలో చల్లారేది కాదు.

ఆ మిల్లులో నాకు అందరికంటే దగ్గరి మనిషి సార్టర్ ఆపరేటర్. రాయచూరు దగ్గరి యరమరస్ ఆయన ఊరు. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. వయసులో ఉండగా హమాలీగా వచ్చి మూటలు మోసి మోసి వెన్ను పాడు చేసుకున్నాడు. ఇక బరువు ఎత్తితే మంచం పట్టాల్సిందేనని డాక్టర్ చెప్పాక ఆయన్ని సార్టర్ దగ్గర కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఆ మిషన్ ఆయన సొంత మనిషి అయిపోయింది. పొద్దున్నే దాని తలుపు మీద చెయ్యి వేసి, "ఏం రా, లేద్దామా?" అని పలకరించనిదే స్విచ్ వేసేవాడు కాదు.

సార్టర్ చేసే పని ఒక్కటే. బియ్యం పైనుంచి జారుతుంటే కెమెరాలు చూస్తుంటాయి. నల్లగింజో, రాయో కనబడగానే సన్నని గొట్టంలోంచి గాలి చిమ్మి దాన్ని పక్కకు తోసేస్తుంది. కెమెరాలు చూసింది కంప్యూటర్‌కు చేరవేసేది ఒక కార్డు. అరచేతికి కాస్త పెద్దదిగా, పచ్చగా ఉండేది. దాన్ని తయారు చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. ఆ కార్డు పాతకాలపు సాఫ్ట్‌వేర్‌తో తప్ప మాట్లాడదు. ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్ల మీద ఎక్కదు. ఈ ముడి ఎప్పుడో ఒకప్పుడు మా మెడకు చుట్టుకుంటుందని తెలుసు. ఒక ఎండాకాలం చుట్టుకుంది.

తవుడు దుమ్ముకూ మా రాయచూరు ఎండకూ లోపలి బోర్డు ఉబ్బిపోయి కంప్యూటర్ చచ్చిపోయింది. కార్డు మాత్రం బతికే ఉంది. అలాంటి పాత కంప్యూటర్ కోసం ఊరంతా వెతికితే దొరికినవన్నీ అదే అవస్థలో ఉన్నాయి.

"ఎన్నాళ్ళని దీన్ని పట్టుకు వేలాడతామమ్మా? కొత్త సార్టర్ తెప్పించేద్దాం. దాంతో పాటు ఆ కంపెనీ మనిషే వస్తాడు, వాడే నడుపుకుంటాడు" అన్నాడు సావుకారు.

ఆపరేటర్ పక్కనే ఉండి అంతా విన్నాడు. మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా విప్పుతుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, వాళ్ళ మనిషి వస్తే నేను మల్లా మూటలు మోయాలెనా?"

నేను డబ్బా మూత పెట్టేశాను. మోయలేడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మోయలేనివాడికి మిల్లులో వేరే పని లేదు. "జర ఆగు అన్నా. దారి ఉన్నది" అన్నాను. దారి ఉందని నాకు అప్పటికి సగమే నమ్మకం. సావుకారు దగ్గరికి వెళ్ళి కొత్త పంట దిగేదాకా గడువు అడిగాను. ఆయన ఫ్యాను వైపు చూసి, సరే అన్నాడు.

ఆ దారి ఏమిటో సావుకారుకూ ఆపరేటర్‌కూ చెప్పినట్టే మీకూ చెబుతాను. బలమైన కొత్త కంప్యూటర్ ఒకటి తీసుకుని, దాని లోపల పాత కంప్యూటర్ ఒకటి ఉన్నట్టు సృష్టిస్తాం. దీన్నే వర్చువలైజేషన్ అంటారు. కొత్త ఇంట్లో ఒక గదిని పాత కిరాయిదారుకు అచ్చం తన పాత ఇంటిలా అమర్చి ఇవ్వడం లాంటిది. తను ఇల్లు మారిన సంగతే ఆయనకు తెలియదు. ఇక మన కార్డు తాళం చెవిని ఇంటి యజమాని వేలు పెట్టకుండా నేరుగా ఆ కిరాయిదారు చేతిలో పెట్టాలి. దాన్ని పాస్‌త్రూ అంటారు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, బోర్డు తయారు చేసేవాళ్ళు కొన్ని స్లాట్లనూ లోపలి పరికరాలనూ కలిపి ఒకే గుంపుగా కట్టేస్తారు. ఆ గుంపులో ఒకదాని తాళం ఇవ్వాలంటే అన్నిటి తాళాలూ ఇవ్వాల్సిందే. మన కార్డు, ఇంటి యజమాని అయిన కొత్త కంప్యూటర్ నమ్ముకున్న డిస్కు ఒకే గుంపులో పడ్డాయంటే కథ కంచికే. ఏ బోర్డులో ఏది ఎవరితో కలిసి ఉందో డబ్బా మీద రాయరు. పెట్టి చూడాల్సిందే.

ఆపరేటర్ అంతా విని తల ఊపాడు. "సమజైంది మేడం. ఇస్తే అందర్నీ ఇయ్యాలె, లేకుంటే ఎవ్వర్నీ ఇయ్యొద్దు. మా ఇంట్ల పెండ్లి పిలుపు గిట్లనే ఉంటది."

ఇద్దరం బస్సెక్కి రాయచూరు వచ్చాం. కార్డును పాత తువ్వాలులో చుట్టి ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. నా చేతికి ఇవ్వమంటే, "మీకు బస్సుల నిద్ర వస్తది మేడం" అన్నాడు. నాకు నిద్ర వస్తుందన్నది నిజమే గానీ, బస్సంతా వినేలా అనాలా?

దుకాణదారు మా అవసరం సగం విని, గాజు పలకలోంచి లోపలంతా ఎర్రగా నీలంగా మెరిసే పెట్టె ఒకటి తెచ్చి పెట్టాడు. "క్యా మేడం, మిల్లుల గేములు ఆడుతరా? ఆడకున్నా ఇదే తీస్కోండి. బాద్షా లెక్క ఉంటది."

"బాద్షా అయితే అయిండు. జర మూత తియ్యి. ఈ కార్డు పెట్టి, నా పెన్‌డ్రైవ్‌తోని లేపి చూస్తా" అన్నాను.

"దుకాణంల? కొనకముందే?"

"కట్టుకోకముందే చూస్కుంటం గదా, చీరనైనా."

గొణుక్కుంటూ మూత తీశాడు. మా కార్డు ఆ బాద్షా గారి డిస్కుతో, నెట్‌వర్క్‌తో కలిసి ఒకే గుంపులో కూర్చుంది. పక్క స్లాట్‌లో పెట్టాను. అక్కడా అంతే. రెండో బోర్డులో అసలు పాస్‌త్రూ సదుపాయాన్ని తెరిచే సెట్టింగే లేదు. దుకాణదారుకు కాస్త పౌరుషం వచ్చి, గుంపుల్ని బలవంతంగా విడగొట్టే ఒక చిట్కా ఇంటర్నెట్‌లో ఉందన్నాడు. ఉంది, నాకూ తెలుసు. గోడ లేనిచోట గోడ ఉందని కాగితం మీద రాసుకోవడమే అది. ఇంట్లో ఆటకైతే పరవాలేదు గానీ, ఒక మనిషి బతుకు దాని మీద ఆధారపడినప్పుడు నేను ఆ పని చేయను.

విసుగెత్తి వెళ్ళిపోదామని లేస్తుంటే మూలన కుర్చీ కింద ఒక నల్లపెట్టె కనిపించింది. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన వర్క్‌స్టేషన్. ఒళ్ళంతా గీతలు, బరువు చూస్తే గుండు. దాన్ని పైకి లేపి పెట్టించాను. పై స్లాట్‌లో కార్డు పెడితే అది డిస్కుల కార్డుతో జత కలిసింది. కింది స్లాట్‌లో పెట్టాను. తెర మీద మా కార్డు ఒక్కటే, తన గుంపులో తాను, దర్జాగా కూర్చుని కనిపించింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. దుకాణదారు టీ తెప్పించాడు.

"ఇది మన మషీన్ లెక్కనే ఉన్నది మేడం. చూస్తందుకు సూరత్ లేదు గాని పని చేస్తది" అన్నాడు ఆపరేటర్. అదే రకం పెట్టె గోదాములో ఇంకొకటి ఉంటే అదీ తీసుకున్నాం. ఇలాంటి పనికి కొనేటప్పుడు ఒకటి కొనకండి, రెండు కొనండి. రేపు ఒకటి పోతే మళ్ళీ ఈ గుంపుల వెతుకులాట మొదటికొస్తుంది.

మిల్లులో అన్నీ అమర్చి, పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త గదిలో కాపురం పెట్టించి స్విచ్ వేశాను. గాలిగొట్టాలు చిటచిటమన్నాయి. ఆపరేటర్ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ రోజు ఆయనకు గట్టిగా ఒకటే చెప్పాను. "అన్నా, ఈ పెట్టె లోపల ఏదీ ముట్టొద్దు."

"మీ మీద ఒట్టు మేడం. ముట్టను" అన్నాడు.

ఇక దసరా దగ్గరికి వద్దాం. మా వైపు ఆయుధ పూజ అంటే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మహానవమినాడు మిల్లు ఆపి, ప్రతి మిషన్‌నూ కడిగి తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొడతారు. మరునాడు విజయదశమికి మంచి వేళ చూసి కాసేపైనా అన్నీ నడిపిస్తారు. ఆ వేళకు ఏ మిషన్ అయితే లేవదో దానికి కాలం చెల్లిందని మా సావుకారు నమ్మకం. ఒక ఏడాది మంచి మోటారే ఒకటి ఆ వేళకు మొరాయిస్తే మర్నాడే పాత ఇనుములో వేయించాడు. ఎవరు చెప్పినా వినలేదు.

ఆ విజయదశమి పొద్దున నేను రాయచూరులో, మా ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, వత్తుతున్నాను. ఫోను మోగింది. ఆపరేటర్.

"మేడం, లేస్తలేదు." గొంతు సన్నగా ఉంది.

"ఏది?"

"అంతా లేచింది. లోపలి పాత కంప్యూటర్ ఒక్కటి లేస్తలేదు. కార్డు లేదు అంటుంది మేడం, తెర మీద."

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. కార్డు పోయిందంటే ఇక చేసేదేమీ లేదు. దానికి జోడు ఈ లోకంలో ఎక్కడ ఉందో మాకు తెలియదు. "లోపల ఏమన్న ముట్టినవా అన్నా?"

"దేవుని సాక్షి, ఏం ముట్టలే. నిన్న పూజ ఒక్కటి చేసినం, అంతే."

ఇంతలో ఫోను సావుకారు చేతిలోకి వెళ్ళింది. "చూశావా అమ్మా, పండగ పూట ఎలా మొండికేసిందో. దానికి రోజులు అయిపోయాయి. నేను రేపు ఆ కొత్త సార్టర్ కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసేస్తాను."

"వేళ ఎప్పటిదాకా ఉందండీ?"

"సాయంత్రం దాకా ఉందనుకో..."

"అయితే సాయంత్రం దాకా ఫోన్ చేయకండి" అని, ఓళిగల పెనం మా ఆయనకు అప్పజెప్పి బస్టాండుకు పరిగెత్తాను. ఆయన ఆ పండుగకు చేసిన ఓళిగల గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.

బస్సులో ఈసారి నిద్ర రాలేదు. దారి పొడవునా కొత్త బట్టలు, ట్రాక్టర్లకు కట్టిన అరటి మొక్కలు, కొమ్ములకు రంగులు పూసిన ఎద్దులు. నాకేమో మూటల గోదాము ముందు నడుము పట్టుకుని నిలబడిన ఆ మనిషే కళ్ళ ముందు కదులుతున్నాడు. తిక్క కూడా రేగింది. ఎవరి మీదో తెలియక, చిల్లర లేదన్న కండక్టర్ మీద తీర్చుకున్నాను. పాపం, అతను నవ్వి ఊరుకున్నాడు.

మిల్లుకు చేరేసరికి సావుకారు సార్టర్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆపరేటర్ సార్టర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నేను నేరుగా వెళ్ళి పెట్టె మూత ఊడదీశాను.

లోపల అద్దంలా తుడిచి ఉంది. తవుడు రేణువు లేదు. కార్డు అంచున పసుపు రాసి, దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఒక చేమంతి రేక దాని వెనక ఇరుక్కుంది. కార్డు ఉన్నది కింది స్లాట్‌లో కాదు. పై స్లాట్‌లో.

"అన్నా! ఏం ముట్టలేదంటివి?"

"ముట్టలే మేడం. పూజ చేసిన."

"కార్డు బయటికి తీసినవు గదా!"

"తియ్యకుంటే పూజ ఎట్ల చేస్తం? పళ్ళెంల పెట్టి, దేవికి చూపించి, మల్లా పెట్టినం. దాన్ని ముట్టుడంటరా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆయన లెక్కలో ముట్టుకోవడం వేరు, పూజ చేయడం వేరు. ఒట్టు తప్పలేదు.

"సరే, కింద ఉన్నదాన్ని పైన ఎందుకు పెట్టినవు?"

ఈసారి నా వైపు జాలిగా చూశాడు. "పూజైనదాన్ని కింద ఎట్ల పెడతం మేడం? పైన జాగ ఖాళీగ ఉన్నది గదా. రెండు ఒక్కతీరుగనే ఉన్నయి."

నా కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. మిల్లులో ఉన్న ప్రతిదానికీ బొట్టు పెట్టి, ఈ కార్డు ఒక్కదాన్ని మాత్రం పళ్ళెంలో పెట్టి దేవి ముందుకు తీసుకెళ్ళిన మనిషిని ఏమని తిట్టాలి? "కార్డుకు ఏం కాలేదు అన్నా. దాని జాగ మారింది. పై స్లాట్‌ల అది డిస్కుతోని ఒక్క గుంపు. ఇయ్యలేం. కిందికి దించితే లేస్తది" అన్నాను.

ప్రాణం లేచి వచ్చినట్టు ఊపిరి వదిలాడు. కానీ నేను కార్డు మీద చెయ్యి వేయగానే ఆయన మొహం మళ్ళీ చిన్నబోయింది. "ఇయ్యాల్నే దించుతరా? పండుగ నాడు?"

నేను సాయం కోసం సావుకారు వైపు చూశాను. ఆయన గడ్డం గోక్కుంటున్నాడు. "వాడన్నదీ నిజమేనమ్మా. విజయదశమి పూట పైనున్నదాన్ని కిందకి దించడం... నాకూ మనసొప్పట్లేదు."

ఇద్దరూ ఒక్కటైపోయారు. మిషన్ నడవకపోతే అపశకునమట, నడవడానికి కార్డు దించితే అదీ అపశకునమట! ఈ పెట్టె కోసం ఎన్ని బోర్డులు తిరగేశాను, ఎన్ని గుంపులు చూశాను! ఇన్ని చూసి కొన్నదాన్ని చివరికి పైనా కిందా అన్న మాట దగ్గర పోగొట్టుకోవాలా? నాకు ఏడుపొకటి, నవ్వొకటి కలిసి వచ్చాయి. నవ్వే ముందొచ్చింది. అది వస్తుండగానే ఆలోచన కూడా వచ్చింది.

"అన్నా, కార్డును దించను. నువ్వు ఈ వైర్లన్నీ పీకు."

నిలువుగా నిలబెట్టిన ఆ నల్లపెట్టెను ఇద్దరు హమాలీల చేత పట్టించి తలకిందులుగా నిలబెట్టించాను. నేల మీద ఆనే దిక్కు ఆకాశం వైపు వచ్చింది. ఫ్యాన్లకు గాలి తగులుతోందా, ఏదైనా ఊగుతోందా అని తడిమి చూసుకున్నాను. ఇప్పుడు కింది స్లాట్ పైకి వచ్చింది. "చూడు, మన జాగ ఇప్పుడు పైన ఉన్నది. కార్డును ఇంకా పైకి ఎక్కిస్తున్నం. సరేనా?"

ఆపరేటర్ వంగి చూశాడు. పక్కకు వెళ్ళి ఇంకోసారి చూశాడు. "ఇది హౌదు మేడం" అని ఒప్పుకున్నాడు. తనే కార్డు తీసి, కళ్ళకు అద్దుకుని, పై అంతస్తులో పెట్టాడు.

"ఇదేంటమ్మా, దీనిచేత శీర్షాసనం వేయించావ్?" అన్నాడు సావుకారు.

"పండుగ గదండీ. అది కూడా మొక్కుకుంటోంది" అన్నాను.

వైర్లు బిగించి స్విచ్ వేశాం. ఇంటి యజమాని, అదే కొత్త కంప్యూటర్, లేచాడు. కాసేపటికి కిరాయిదారు లేచాడు. తెర మీద బియ్యం తెల్లగా జారడం మొదలైంది. చిట చిట చిటమని గాలిగొట్టాలు మొదలయ్యాయి. నల్లగింజలు పక్క డబ్బాలో రాలుతున్నాయి. సావుకారు దోసిట్లో బియ్యం పట్టి వెలుగులో చూసి, కళ్ళకు అద్దుకుని మూటలో పోశాడు. "ఆ కంపెనీ వాళ్ళకి ఫోన్ చెయ్యన్లే. వీడికి ఓపిక ఉన్నన్నాళ్ళు ఇదే నడవనీ" అన్నాడు.

ఆపరేటర్ జేబులోంచి బన్ని ఆకులు, అంటే జమ్మి ఆకులు, తీసి నా చేతిలో పెట్టాడు. విజయదశమికి మా దగ్గర ఆ ఆకులే బంగారం అని ఇచ్చుకుంటాం. "బంగారం తీసుకోండి మేడం" అన్నాడు. ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, దాచుకునేది ఏముంది.

ఆ తర్వాత ఆ పెట్టె అలాగే నిలబడింది. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజనీరూ అది ఎందుకు తలకిందులుగా ఉందని అడిగేవాడు. "గుంపు కుదరడానికి" అని చెప్పేదాన్ని. అర్థం కానట్టు తల ఊపి వెళ్ళేవాడు. ఒకతను తన కాలేజీ పిల్లలకు చూపిస్తానని ఫొటో కూడా తీసుకున్నాడు. ఏ పాఠం చెప్పాడో మరి.

సార్టర్‌తోనే ఆపరేటర్ తన సర్వీసు ముగించాడు. మళ్ళీ ఒక్క మూట కూడా ఎత్తలేదు. ఆయన వెళ్ళాకే కొత్త మిషన్ వచ్చింది. పాతదాన్ని ఇనుములో వేస్తుంటే ఆయన వచ్చి ఆ కార్డు ఒక్కటి అడిగాడట. సావుకారు ఇచ్చి పంపాడు. నేను కూడా ఆ మరుసటి ఏడాదే రిటైర్ అయ్యాను.

మొన్న దసరాకు బన్ని ఇవ్వడానికి యరమరస్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. గోడకున్న దేవుళ్ళ పలకల్లో అన్నిటికంటే పై పలక మీద ఆ పచ్చ కార్డు ఉంది. కొత్తగా పెట్టిన కుంకుమ బొట్టుతో, వెంకన్నకూ ఎల్లమ్మకూ మధ్య కుదురుగా ఆనుకుని ఉంది. 

"అన్నా, జాగ మల్లా తప్పు పెట్టినవు. ఇక్కడ ఇది దేవుళ్ళతోని ఒక్క గుంపుల పడ్డది. ఎవరన్న వచ్చి అడిగితే ఏం చేస్తవు?" అన్నాను.

ఆయన నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి, కార్డు మీది దుమ్మును తువ్వాలు కొసతో తుడిచాడు.

"ఇస్తే అందర్నీ ఇయ్యాలె గదా మేడం. ఎవ్వర్నీ ఇయ్యను."